మిడ్‌సైజ్ సెడాన్‌లో ఏ ఇంజిన్, ఏ వేరియంట్?

మిడ్‌సైజ్ సెడాన్ కొంటున్నానని, ఏ ఇంజిన్, ఏ వేరియంట్ తీసుకోవాలో చెప్పమని మీరు రాశారు. దాన్ని బట్టి కారు మోడల్ ఖాయమైపోయింది. మిగిలింది మామూలు పెట్రోలా, టర్బో పెట్రోలా (చిన్న పంకాతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది), హైబ్రిడా (పెట్రోలు ఇంజిన్‌కు కరెంటు మోటారు తోడుండేది) అన్న ప్రశ్న, ఆపైన ఒక్కోదాని కింద నాలుగేసి వేరియంట్ల గొడవ. రోజూ ట్రాఫిక్‌లో ముప్పై కిలోమీటర్లు, నెలకోసారి హైవే మీద దూర ప్రయాణం, వెనక సీట్లో అమ్మానాన్న. షోరూమ్ వాళ్లు టాప్ ఎండ్ తీసుకోమంటున్నారు, స్నేహితులేమో బేస్ చాలంటున్నారు. ఇద్దరి మాటా పక్కన పెట్టి ఇది చదవండి. కాస్త పెద్దదే అవుతుంది.

కార్ల సర్వీసింగ్‌లో చాలాకాలంగా ఉన్నవాణ్ని కాబట్టి నా లెక్క ఎప్పుడూ ఒక్కచోటే మొదలవుతుంది. కొన్నాక మార్చుకోలేనివి ఏవి? ఇంజిన్, గేర్‌బాక్స్ మార్చుకోలేం. ఎయిర్‌బ్యాగులు, హెడ్‌లైట్లు, బ్రేకులు, డ్రైవర్ సీటు ఎత్తు సర్దుకునే ఏర్పాటు కూడా దాదాపు అంతే. స్పీకర్లు, సీట్ కవర్లు, రివర్స్ కెమెరా, లోపలి రంగు లైట్లు మాత్రం ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టించుకోవచ్చు. బ్రోషర్ తయారుచేసేవాళ్లకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. అందుకే ఒక్కో మెట్టులో తప్పనిసరిగా కావలసినది ఒకటి, ముచ్చటపడేవి నాలుగు కలిపి పెడతారు. ఆ ఒక్కదాని కోసం మిగతా నాలుగింటికీ డబ్బు కట్టించుకోవడమే వేరియంట్ల వ్యాపారం. కాబట్టి ముందు ఇంజిన్ తేల్చుకుని, ఆ ఇంజిన్‌లో మార్చుకోలేనివన్నీ దొరికే అన్నిటికన్నా కింది వేరియంట్ దగ్గర ఆగిపోండి.

టర్బో లేని మామూలు పెట్రోలు ఇంజిన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. దాని గొప్ప కూడా అదే. భాగాలు తక్కువ, వేడి తక్కువ, ఆయిల్ మార్పు నాలుగు వారాలు ఆలస్యమైనా ఓర్చుకుంటుంది. ఏడాదికి తక్కువ తిరిగేవాళ్లకు, కారును చాలా ఏళ్లు ఉంచుకునేవాళ్లకు ఇప్పటికీ నేను ముందు దీన్నే చెబుతాను. పికప్ కావాలంటే మాత్రం ఇంజిన్‌ను పరిగెత్తించక తప్పదు.

టర్బోతో తేడా ఎక్కడుందో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. హ్యుందాయ్ సొనాటాలోని 2.5 లీటర్ల మామూలు ఇంజిన్ 191 హార్స్‌పవర్ ఇస్తుంది. హోండా అకార్డ్‌లోని 1.5 లీటర్ల టర్బో 192 ఇస్తుంది. కాగితం మీద రెండూ ఒకటే. కానీ సొనాటాకు గరిష్ఠ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, దాదాపు 245 న్యూటన్ మీటర్లు, 4,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర అందుతుంది. అకార్డ్‌కు 260 న్యూటన్ మీటర్లు 1,700 దగ్గరే మొదలై 5,000 దాకా నిలబడుతుంది. ఊళ్లో నడిపేటప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు ఎక్కువసేపు 2,000 చుట్టూనే తిరుగుతుంది. నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, ముందున్న లారీని దాటాల్సి వచ్చినప్పుడు టర్బో కారు చడీచప్పుడు లేకుండా లాగేస్తుంది. మామూలు ఇంజిన్ గేరు దించి, గొంతు పెంచి అదే పని చేస్తుంది. అందుకని ఎన్ని హార్స్‌పవర్ అని అడిగి ఊరుకోకండి, టార్క్ ఎన్ని ఆర్‌పీఎమ్‌కు వస్తుందో కూడా అడగండి. సేల్స్ కుర్రాడు తడబడితే బ్రోషర్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, మీరే చూసుకోండి.

టర్బో ఇచ్చే ఈ సుఖానికి బదులుగా మీరు జాగ్రత్త పడాలి. చిన్న ఇంజిన్ నుంచి పెద్ద శక్తి పిండుతున్నాం కాబట్టి ఆయిల్ మీద భారం ఎక్కువ. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న, అంటే పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర ఎక్కువ లోడ్ పడినప్పుడు పెట్రోలు, గాలి మిశ్రమం స్పార్క్ రాకముందే అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీసే సమస్య ఒకటుంది. దాన్ని దృష్టిలో పెట్టుకునే 2018లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి ఎస్ఎన్ ప్లస్ అనే ఆయిల్ ప్రమాణం, 2020లో ఎస్పీ వచ్చాయి. డబ్బా మీద కంపెనీ చెప్పిన గ్రేడు, ఆ అక్షరాలు రెండూ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసి పోయించుకోండి. ఇంకో సంగతి, పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మితే గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులను కడిగేదేమీ ఉండదు. అలాంటి ఇంజిన్ బాగా తిరిగాక ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి చూస్తే వాల్వు కాడ చుట్టూ నల్లటి మసి గట్టిపడి కనిపిస్తుంది, వేలితో గీకితే రాదు. టయోటా కొన్ని ఇంజిన్లలో వాల్వుకు ముందున్న గాలి దారిలోనూ (పోర్టు) సిలిండర్‌లోనూ రెండు ఇంజెక్టర్లు పెట్టి ఈ బాధ తగ్గించింది. మీరు చూస్తున్న కారులో ఏ పద్ధతి ఉందో కనుక్కోవడం మంచిది.

రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగి ఆపేసేవాళ్లకు టర్బో నేను చెప్పను. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతే కాలని పెట్రోలు కొంత ఆయిల్‌లో కలుస్తుంది, దాన్ని ఆవిరి చేసే వేడి ఉండదు. మీ ముప్పై కిలోమీటర్లకు ఆ భయం లేదు.

ఇక హైబ్రిడ్. ఈ పేరు కింద మూడు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు కాబట్టి ముందు ఏదో తెలుసుకోండి. మైల్డ్ హైబ్రిడ్ అంటే, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ స్థానంలో కాస్త పెద్ద మోటార్, చిన్న బ్యాటరీ. ఇంజిన్‌కు సాయం చేస్తుంది తప్ప మామూలుగా కారును ఒంటరిగా నడపదు. బాగానే ఉంటుంది గానీ, దాని కోసం పై వేరియంట్‌కు ఎక్కాల్సిన పని లేదు. ప్లగిన్ హైబ్రిడ్‌ను రోజూ ఇంట్లో చార్జ్ చేస్తేనే లాభం, లేకపోతే బరువైన బ్యాటరీని ఊరికే మోసుకుని తిరగడమే. మీకు పనికొచ్చేది ఈ రెంటికీ మధ్యన ఉండే మూడోది, చార్జింగ్ అవసరం లేని పూర్తి హైబ్రిడ్.

ఇందులోనూ కంపెనీల దారులు వేరు. టయోటా పద్ధతిలో ఇంజిన్, రెండు మోటార్లు ఒక ప్లానెటరీ గేర్ సెట్‌తో (మధ్య పళ్ల చక్రం చుట్టూ చిన్నవి తిరిగే అమరిక) కలిసి ఉంటాయి. దాన్ని ఈ-సీవీటీ అంటారు. మామూలు సీవీటీ అంటే పళ్ల గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, అందుకే ఆ మాట చూసి బెల్టు జారుతుందని, తెగుతుందని కంగారుపడేవాళ్లు చాలామంది. అందులో అసలు బెల్టే లేదు. విడిగా స్టార్టర్ మోటార్, ఆల్టర్నేటర్ కూడా ఉండవు, కాబట్టి మామూలు కార్లలో తరచు మా దగ్గరకు వచ్చే రెండు ఫిర్యాదులు వీటిలో పుట్టనే పుట్టవు. హోండా పద్ధతిలో ఊళ్లో ఎక్కువసేపు ఇంజిన్ జనరేటర్‌ను మాత్రమే తిప్పుతుంది, చక్రాలను తిప్పేది మోటారే. హైవే వేగం అందుకున్నాక ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. రెండిటిలోనూ వేగం తగ్గించేటప్పుడు మోటారే బ్రేకు పని చేసి కరెంటు తయారుచేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు చాలాకాలం వస్తాయి.

దీనివల్ల ఎంత మిగులుతుందన్నది మీరు ఎక్కడ నడుపుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2023 అకార్డ్‌నే తీసుకోండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కల ప్రకారం 1.5 టర్బో ఎల్ఎక్స్ వేరియంట్ ఊళ్లో లీటరుకు సుమారు 12.3, హైవే మీద 15.7 కిలోమీటర్లు ఇస్తుంది. హైబ్రిడ్ ఈఎక్స్-ఎల్ ఊళ్లో 21.7, హైవే మీద 18.7. హైబ్రిడ్‌కు హైవే కన్నా ఊళ్లోనే మైలేజీ ఎక్కువని గమనించారా? మామూలు కారులో బ్రేకు వేసిన ప్రతిసారీ వేడిగా పోయేది ఇక్కడ కొంత బ్యాటరీలోకి తిరిగి వస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. పైగా ఊళ్లో గాలి నిరోధం తక్కువ.

మైలేజీని లీటరుకు ఎన్ని కిలోమీటర్లని చూస్తే లాభం సరిగ్గా అర్థం కాదు, వెయ్యి కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో చూడండి. పై అంకెల ప్రకారం ఊళ్లో వెయ్యి కిలోమీటర్లకు టర్బో 81 లీటర్లు తాగితే హైబ్రిడ్ 46 తాగుతుంది, అంటే 35 లీటర్లు మిగులు. హైవే మీద అదే వెయ్యికి మిగిలేది పది లీటర్లే. మీరు ఏడాదిలో ఊళ్లో ఎన్ని వేల కిలోమీటర్లు, బయట ఎన్ని వేలు తిరుగుతారో రాసుకుని, ఒకదాన్ని 35తో, రెండోదాన్ని పదితో గుణించండి. రెండూ కలిపి వచ్చిన లీటర్లను మీ దగ్గరి పెట్రోలు ధరతో గుణిస్తే ఏడాది ఆదా తేలుతుంది. హైబ్రిడ్‌కు అదనంగా పెట్టే డబ్బును దానితో భాగిస్తే ఎన్నేళ్లకు తిరిగొస్తుందో వస్తుంది. మీరు చూస్తున్న కారుకు అంకెలు మారతాయి, లెక్క చేసే తీరు మారదు. కారు ఉంచుకునే కాలంలో సగానికల్లా డబ్బు తిరిగి వచ్చేస్తే కళ్లు మూసుకుని హైబ్రిడ్ తీసుకోవచ్చు. చివరి ఏడాదికి గానీ రాదంటే మామూలు పెట్రోలు మేలు.

హైబ్రిడ్ బ్యాటరీ గురించి జనానికి ఉన్న టెన్షన్‌లో సగం అనవసరం, మిగతా సగం తప్పుడు చోట ఉంది. గాలితో చల్లబడే బ్యాటరీలున్న కార్లలో వెనక సీటు కిందో పక్కనో చిన్న జాలీ ఒకటి ఉంటుంది. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ అక్కడి నుంచే గాలి పీల్చుకుంటుంది. దాని ముందు సంచులు పెడతారు, సీటు కవరు అంచు దాని మీదికి లాగుతారు. లోపలి ఫిల్టర్‌లో దుమ్ము, వెంట్రుకలు చేరి గాలి ఆడదు. బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గడానికి దారి ఇదే. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ ఆ ఫిల్టర్ శుభ్రం చేయమని నోటితో చెప్పండి, చాలాచోట్ల అడగందే తీయరు. ఇంకో చిన్న విషయం. వీటిలో కూడా మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది. కారు వారాల తరబడి కదలకుండా ఉంటే అది దిగిపోతుంది, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేలుకోదు.

గేర్‌బాక్సుల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ట్రాఫిక్ ఎక్కువైతే క్లచ్‌కు బదులు ద్రవంతో బలం అందించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, లేదా మంచి సీవీటీ. రెండు క్లచ్‌లు వంతులవారీగా గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ హైవే మీద హాయి, గేర్లు పడుతున్నట్టే తెలియదు. కానీ బంపర్‌కు బంపర్ ఆనించి పాకే ట్రాఫిక్‌లో, అందులోనూ డ్రై క్లచ్ రకమైతే, క్లచ్‌లు అరుగుతాయి, వేడెక్కుతాయి. నూనెతో చల్లబడే వెట్ క్లచ్ ఈ విషయంలో నయం. ఏ రకమో కనుక్కోకుండా అడ్వాన్సు కట్టకండి.

నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఆల్ వీల్ డ్రైవ్ మంచు కురిసే చోట, బురద దారుల్లో అక్కరకొస్తుంది. మామూలు రోడ్ల మీద అదనపు బరువు, కాస్త తగ్గే మైలేజీ. కారును త్వరగా ఆపడంలో దాని సాయం ఏమీ ఉండదు, ఆ పని టైర్లదీ బ్రేకులదీ.

ఇప్పుడు వేరియంట్లు. అన్నిటికన్నా ముందు చక్రాలు చూడండి, ఎందుకంటే జనం అస్సలు లెక్కచేయనివి అవే. పైన చెప్పిన అకార్డ్ హైబ్రిడ్ ఈఎక్స్-ఎల్‌కు 17 అంగుళాల చక్రాలు, ఊరూ హైవే కలిపి మైలేజీ సుమారు 20.4. అదే ఇంజిన్, అదే బ్యాటరీ ఉన్న టూరింగ్ వేరియంట్‌కు 19 అంగుళాలు, మైలేజీ 18.7. మోటార్లలో ఏ తేడా లేదు. టాప్ ఎండ్ బరువు కొంత ఉన్నా ఎక్కువ భాగం చక్రాలూ టైర్లదే. ఎలక్ట్రిక్ సెడాన్లలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2023 హ్యుందాయ్ అయానిక్ 6 లాంగ్ రేంజ్‌కు వెనక చక్రాల డ్రైవ్‌లో, 18 అంగుళాలతో ఈపీఏ రేంజ్ 581 కిలోమీటర్లు, 20 అంగుళాలతో 491. షోరూమ్ వెలుతురులో పెద్ద చక్రాలు ఎంత ముద్దొచ్చినా, ఒక్క చార్జింగ్ మీద తొంభై కిలోమీటర్లు పోతున్నాయి.

మైలేజీ ఒక్కటే కాదు, ప్రయాణ సుఖమూ పోతుంది. టైరు మీద 225/50 ఆర్17 అని ఉంటే, టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో యాభై శాతం, అంటే 112 చిల్లర. 235/40 ఆర్19 అయితే ఆ గోడ 94 మిల్లీమీటర్లే. గుంతకూ రిమ్ముకూ మధ్య మెత్తగా ఉండేది ఆ రబ్బరూ గాలీ మాత్రమే. అందులో దాదాపు రెండు సెంటీమీటర్లు తగ్గితే వెనక సీట్లో కూర్చున్న పెద్దవాళ్ల నడుముకు తెలుస్తుంది, ఒక్కోసారి రిమ్ముకూ తెలుస్తుంది. టైర్లు మార్చేటప్పుడు 19 అంగుళాలవి ఖరీదు, అన్నిచోట్లా దొరకవు కూడా. మీ అమ్మానాన్నల కోసం మీరు చేయగలిగిన పెద్ద మేలు 17 అంగుళాల వేరియంట్ దగ్గర ఆగిపోవడం.

దీనికి ఎదురు వాదం కూడా ఉంది, అది హెడ్‌లైట్ల దగ్గర వస్తుంది. అమెరికాలోని ఐఐహెచ్ఎస్ అనే భద్రతా సంస్థ 2016లో మొదటిసారి హెడ్‌లైట్లను పరీక్షించినప్పుడు మొదలుపెట్టింది మిడ్‌సైజ్ కార్లతోనే. 31 మోడళ్లలో బాగున్నాయని తేలింది ఒక్క టయోటా ప్రియస్ విలో. అది కూడా ఎల్ఈడీ లైట్లు, ఎదురుగా బండి వస్తే తనంతట తానే డిమ్ చేసే హై బీమ్ అసిస్ట్ ఉన్న టాప్ వేరియంట్‌లోనే. అదే కారుకు హాలోజన్ లైట్లు పెడితే అట్టడుగు రేటింగ్ వచ్చింది. కారు ఒకటే, వేరియంట్ మారేసరికి రాత్రిపూట కనిపించే దూరం మారిపోయింది. నెలకోసారి హైవే అన్నారు కాబట్టి, చీకటి పడ్డాక టెస్ట్ డ్రైవ్ అడగండి. లైట్లు లేని రోడ్డు మీద డిమ్ బీమ్ ఎంతవరకు పడుతోందో, వంపుల్లో అంచు కనిపిస్తోందో లేదో చూడండి. తర్వాత బయట కొనే బల్బులతో ఈ లోటు తీరదు. హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైట్‌లో ఎక్కువ వెలుగిచ్చే బల్బు పెడితే ఎదుటివాడి కళ్లలోకి కొట్టడం తప్ప దారి బాగా కనిపించదు.

భద్రతలో బేరాలు వద్దు. కారు అదుపు తప్పి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, పక్క ఎయిర్‌బ్యాగులు, కిటికీల మీదికి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, వెనక మధ్య సీటుకు కూడా మూడు పాయింట్ల బెల్టు ఉండాలి. బేస్‌లోనే ఇవన్నీ ఉంటే స్నేహితుల మాట వినొచ్చు. ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ దొరికితే తీసుకోండి, పనికొచ్చే వస్తువే. కానీ ముందు అద్దం వెనక కెమెరా ఉన్న కారుకు అద్దం పగిలితే కొత్తది బిగించి ఊరుకుంటే చాలదు, కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే సరిగ్గా చూసేలా సరిచేయాలి. రాడార్ ఉన్న బంపర్‌కు గీత పడితే ఇష్టమొచ్చినట్టు పుట్టీ పెట్టి రంగు వేయకూడదు. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఈ రెండూ కవర్ అవుతాయో లేదో అడగండి. ఇక క్రాష్ టెస్టు స్టార్ రేటింగ్ పోస్టర్ చూపిస్తే, ఆ పరీక్ష ఏ వేరియంట్‌కు చేశారో, అప్పుడు దానిలో ఏమేం ఉన్నాయో అడగడం మర్చిపోకండి.

సన్‌రూఫ్ మీద నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. సెడాన్ కప్పు ముందే కిందికి ఉంటుంది, దానికి సన్‌రూఫ్ చట్రం తోడైతే ఎత్తుగా ఉన్నవాళ్ల తల పైకి తగులుతుంది. కప్పంతా పరుచుకునే పనోరమిక్ అయితే వెనకవాళ్లకూ అదే బాధ. రెండోది, సన్‌రూఫ్ గాడిలో పడ్డ నీళ్లు పోవడానికి మూలల్లో సన్నటి గొట్టాలు ఉంటాయి. వాటిలో ఆకులూ మట్టీ చేరితే నీళ్లు వెనక్కి తన్ని లోపలికి కారతాయి. కప్పు తడిగా లేకపోయినా కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి వాసన వస్తోందంటూ వచ్చే కార్లలో ముందు నేను చూసేది ఆ గొట్టాలనే. సన్‌రూఫ్ తెరిచి గాడి మూలలో ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి, కారు కిందనో డోరు కీలు దగ్గరో బయటికి కారితే బాగున్నట్టు. వర్షాలకు ముందు ఇలా చూసుకునే ఓపిక ఉంటే తీసుకోండి.

పెద్దవాళ్ల కోసం వెతకాల్సినవి వేరే ఉన్నాయి. వెనక ఏసీ వెంట్లు, తల ఆనించుకునే హెడ్‌రెస్ట్ ఎత్తు సర్దుకునే వీలు, మధ్యలో చెయ్యి పెట్టుకునే ఆర్మ్‌రెస్ట్, వెనక కిటికీకి తెర. సాధారణంగా ఇవి కింది నుంచి రెండో వేరియంట్‌కల్లా వచ్చేస్తాయి. చల్లగాలి వచ్చే సీట్లు చాలా కార్లలో ముందు ఇద్దరికే, దాని కోసం టాప్ ఎండ్ ఎక్కితే వెనకవాళ్లకు ఒరిగేదేమీ లేదు. పెద్ద స్క్రీన్ గురించి మాట్లాడను, మీ ఫోన్ దానికి కలిస్తే చాలు. ఏసీకి విడిగా బటన్లున్న కింది వేరియంటే ఒక్కోసారి నడిపేవాడికి సుఖం.

మీ వాడకానికి నేనైతే 17 అంగుళాల చక్రాలు, ఎల్ఈడీ హెడ్‌లైట్లు ఉన్న కింది హైబ్రిడ్ వేరియంట్ తీసుకుంటాను. ఒక చిక్కు రావచ్చు. కొన్ని కంపెనీలు హైబ్రిడ్‌ను పై వేరియంట్లకే కట్టేస్తాయి. 2023 అకార్డ్‌లో కింది రెండూ టర్బోనే, హైబ్రిడ్ కావాలంటే పైకి ఎక్కాల్సిందే. 2025 క్యామ్రీలో అయితే టయోటా మామూలు పెట్రోలే తీసేసి అన్నిటికీ హైబ్రిడ్ పెట్టింది. మీ కారు మొదటి రకమైతే ఆ అదనపు డబ్బంతా హైబ్రిడ్ ఖాతాలోనే వేసి పై లెక్క మళ్లీ చేయండి. ఏళ్లు సరిపోకపోతే మామూలు పెట్రోలు, రెండో వేరియంట్. దూర ప్రయాణాలు నెలకు ఒకటి నుంచి నాలుగైదుకు పెరిగే అవకాశం ఉంటే అప్పుడు టర్బో గురించి ఆలోచించండి.

టెస్ట్ డ్రైవ్‌కు షోరూమ్‌లో ఎప్పుడూ టాప్ ఎండ్ కారే సిద్ధంగా ఉంటుంది. మీరు కొనే వేరియంట్, కనీసం అదే సైజు చక్రాలున్నది తెప్పించమని పట్టుబట్టండి. అమ్మానాన్నను వెనక కూర్చోబెట్టి, వాళ్లు ఎక్కి దిగడం రెండుసార్లు చూడండి. సెడాన్ సీటు కిందికి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అసలు పరీక్ష అదే. ఏసీ పూర్తిగా పెట్టి ఎత్తు రోడ్డు మీద ఆపి మళ్లీ కదిలించండి. డిక్కీ తెరిచి అడుగు పలక ఎత్తి చూడండి. హైబ్రిడ్లలో కొన్నిటికి స్పేర్ టైరు స్థానంలో పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు. టైరు పక్క గోడ చీలితే ఆ కిట్ పనిచేయదు, నెలకోసారి హైవే ఎక్కేవాళ్లు బుకింగ్‌కు ముందే స్పేర్ విడిగా ఇస్తారో లేదో రాయించుకోవాలి.